వేడి మీదే కోయాలి

"ఇది మొహం మీద పడితే ఏమవుతుంది?"

బూట్ల లేసులు కట్టుకుంటూ అడిగాడు మా ఆయన. అడిగి నవ్వాడు. నేను ఆయన టిఫిన్ డబ్బా మూత బిగిస్తున్నాను. "ఏది?" అన్నాను తెలియనట్టు. "అదే, నీ సబ్బుల మందు" అని వంటింటి పై అరకేసి గడ్డంతో చూపించాడు. కాలుతుందన్నాను. "బాగానా?" అని మళ్ళీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఇప్పటికీ నాకు మింగుడుపడనిది అదే. నేనూ నవ్వాను.

ఆ పై అరలో ఉన్నది కాస్టిక్ సోడా డబ్బా. అది మా ఇంటికి ఎందుకొచ్చిందో చెప్పాలంటే నా చేతుల గురించి చెప్పాలి. నేను పార్లర్లో తలలు కడుగుతాను. రోజంతా షాంపూ నురగలో నానీ నానీ వేళ్ళు పగిలి, మణికట్ల దాకా ఎర్రగా పొక్కిపోయేవి. "గ్లవ్స్ వేసుకోవచ్చుగా, చూస్తే కస్టమర్లకి ఒళ్ళు జలదరిస్తుంది" అనేది ఓనరమ్మ, అదేదో నేను సరదాపడి పెంచుకున్నట్టు. గ్లవ్స్ మాత్రం ఎప్పుడూ తెప్పించలేదు. ఇంటికొస్తే గిన్నెలు, బట్టలు, బాత్రూమ్. నీళ్ళు నన్ను వదిలే చోటంటూ లేదు. రాత్రి చెయ్యి తగిలితే మా ఆయన "గీరుకుపోతోంది, తియ్" అనేవాడు. జుట్టుకి రంగేయించుకోవడానికి వచ్చే కెమిస్ట్రీ టీచర్ ఒకావిడ మాత్రం నా వేళ్ళు చూసి ఊరుకోలేదు. ఇంటికి పిలిచి ఉప్పు సబ్బు చేయడం నేర్పింది. కొబ్బరినూనె ఎక్కువ, సోడా తక్కువ, చిక్కబడ్డాక గుప్పెళ్ళకొద్దీ ఉప్పు. "నీళ్ళలో సోడా వెయ్యాలి. సోడాలో నీళ్ళు పోశావో, ఎగిరి మొహానికే కొడుతుంది జాగ్రత్త. ఇంకోటి, మామూలు సబ్బులాగా దీన్ని మర్నాటిదాకా ఉంచకూడదు. వేడి మీదే కోసెయ్యాలి" అంది.

మొదటిసారి ఇంట్లో చేసినప్పుడు సబ్బు గట్టిపడుతోంది, కత్తి చేతిలో ఉంది, "రేపు కోసుకోవచ్చులే, ముందు నా చొక్కా సంగతి చూడు" అన్నాడాయన. చొక్కా ఇస్త్రీ చేశాను. మర్నాడు కత్తి పెడితే సబ్బు బండరాయిలా మొండికేసి, చివరికి పెళ్ళలు పెళ్ళలుగా విరిగిపోయింది. వచ్చినవాళ్ళందరికీ "మా ఆవిడ ఉప్పు వ్యాపారం పెట్టింది" అని చూపించాడు. అందరూ నవ్వారు. అప్పుడూ నేను నవ్వాను అనుకుంటా.

రెండోసారి ఆయన ఊళ్ళో లేనప్పుడు చేసి, వేడి మీదే కోసి, నెల దాటేదాకా ఆరబెట్టాను. మొదట్లో పగుళ్ళకి చురుక్కుమనేది. తర్వాత్తర్వాత చర్మం మెత్తబడింది. మొహం కూడా తేటపడింది. ఓనరమ్మ కళ్ళు చికిలించి చూసి, నన్ను తలలు కడిగే చోటు నుంచి తీసి ముందు కౌంటర్లో కూర్చోబెట్టింది. నాకెంత సంతోషమో! పరిగెత్తుకొచ్చి చెప్పాను. మా ఆయన నా గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పి, చాలాసేపు చూసి, "ఎవరి కోసం ఈ నిగనిగలు?" అన్నాడు. డబ్బా గురించి ఆయన అడగడం ఆ తర్వాతే.

అప్పటినుంచి డబ్బాని అర వెనక్కి, పప్పుల డబ్బాల చాటుకి నెట్టి పడుకుంటాను. పొద్దున లేచేసరికి అది ముందుకొచ్చి ఉంటుంది. మూత సరిగ్గానే ఉంటుంది. ఎవరూ ఏమీ అనరు. నాకే పిచ్చి పట్టిందేమో, నేనే ముందు పెట్టి మర్చిపోతున్నానేమో అనుకునేదాన్ని. ఆయన పక్కమీద ఇటు తిరిగితే చాలు, నేను దుప్పటి మొహం మీదకి లాక్కుంటున్నాను. ఉండబట్టలేక, మాతోనే ఉండే అత్తయ్యతో చెప్పాను. ఆవిడ టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే, "మగవాడు, ఏదో సరదాకి అంటాడు. ప్రతిదానికీ భూతద్దం పెట్టి చూస్తే కాపురాలు నిలబడవమ్మాయ్" అంది. మెడకి చుట్టుకున్న స్కార్ఫు సర్దుకుంది. ఎంత ఎండాకాలమైనా ఆవిడ ఆ స్కార్ఫు తీయదు. వయసులో ఉన్నప్పుడు మరిగే నూనె చిందిందని చెబుతుంది.

పారబోస్తే పోయేదేగా అంటారేమో. పారబోస్తే "భయపడ్డావా?" అని అడుగుతాడు. భయపడ్డానని ఆయనకి తెలిస్తే నా పని అయిపోయినట్టే. సబ్బు చేస్తే అడగడానికేముంది? సోడా అయిపోయింది, అంతే. సబ్బు ఎవరి మొహాన్నీ కాల్చదు.

ఇవాళ నాకు సెలవు. ఆయన అటు వెళ్ళగానే కిటికీలు తెరిచి, డబ్బా అడుగుదాకా గీకి తూచాను. దానికి సరిపడా నూనె ముందే తెచ్చి పెట్టుకున్నాను. నీళ్ళలో సోడా పోస్తుంటే గిన్నె పట్టుకోలేనంత వేడెక్కి, పొగ లేచి గొంతు పట్టేసింది. చిందితే? చిందితే ఆయన పని నేనే చేసిపెట్టినట్టు. లిఫ్టు కదిలిన చప్పుడైనప్పుడల్లా గరిటె ఆపి వింటున్నాను. ఆగిన ప్రతిసారీ కింది అంతస్తులోనే ఆగింది. నూనె, సోడా నీళ్ళు కలిసి చిక్కబడ్డాక ఉప్పు పోసి తిప్పాను. అచ్చు పెట్టెలో పోసి, ఖాళీ డబ్బా కడిగి బోర్లించి నేలమీద కూర్చున్నాను. హమ్మయ్య, ఇంట్లో ఇంక అది లేదు.

అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. బోర్లించిన డబ్బానే చూస్తోంది.

"మొత్తం వాడేశావా?"

"ఆఁ."

"వాడు ఇందాక ఫోన్ చేశాడు" అంది. గొంతు ఎప్పటిలా లేదు. "డబ్బాలో ఎంతుందో చూసి చెప్పమన్నాడు. చాలకపోతే వస్తూ తెస్తాడట."

"సరదాకేమో, అత్తయ్యా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆవిడ మాటే ఆవిడకి అప్పజెప్పాను.

అత్తయ్య స్కార్ఫు ముడి విప్పింది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి ఆవిడ మెడ చూశాను. చెవి కింద నుంచి జాకెట్టు లోపలికి, చర్మం తాళ్ళు తాళ్ళుగా ముడుచుకుపోయి ఉంది. నూనె చిందితే చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఇది చిందింది కాదు, పోసింది.

"మీ మామయ్య కూడా ముందు నవ్వుతూనే అడిగారు" అంది.

నేను నేలమీద నుంచి లేచాను. పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాను. అంచులు గట్టిపడ్డాయి, నడుమ ఇంకా వెచ్చగా ఉంది. కత్తి తీసుకున్నాను. అత్తయ్య భయం భయంగా తలుపు వైపు చూసి, "వాడొచ్చే వేళవుతోంది. ఇప్పుడెందుకమ్మా, రేపు చూసుకోవచ్చుగా" అంది.

"రేపటికి పగిలిపోతుందత్తయ్యా."

కత్తి మెత్తగా దిగింది. ముక్కలన్నీ ఒక సంచీలో వేసి, టీచర్ గారికి ఫోన్ చేసి వస్తున్నామని చెప్పాను. వస్తున్నానని కాదు, వస్తున్నామని. లిఫ్టు మళ్ళీ కదిలింది. అది ఏ అంతస్తులో ఆగుతుందో వినకుండా మెట్ల వైపు తలుపు తీశాను.

"చెప్పులేసుకోండి, అత్తయ్యా."