గొర్రెలు గీసిన గీత

మీకొక నిజం చెప్పాలి. పుంగనూరు నుంచి రామసముద్రం పోయే రోడ్డు పక్కన నల్లగుట్ట అని ఒక గుట్ట ఉంది. మూడు చెరువుల కట్టల మీదుగా నడిచి, ఆ గుట్టెక్కితే, పైన పాతకాలపు పాళేగాడి కోట. మొత్తం తొమ్మిది కిలోమీటర్లు. నడకల యాప్‌లో ఆ దారి పేరు 'పావని బాట'. ఆ పావనిని నేనే. కానీ ఆ బాటకు నా పేరు పెట్టుకునే నాటికి నేను అందులో ఒక్క అడుగు కూడా వేయలేదు.

నడిచింది సిద్ధమ్మత్త. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆమె ముప్పై ఎనిమిది గొర్రెలు.

నేను కుప్పంలో ఇంజినీరింగ్ చదివాను. ఇప్పుడు బెంగళూరు కంపెనీకి పుంగనూరు నుంచే పని చేస్తాను. కింద మా అమ్మ శారదమ్మ అంగడి, పైన గదిలో నేను, నా లాప్‌టాప్, కింది నుంచి వచ్చే ఎండుమిరపకాయల ఘాటు. మీటింగులో నేను తుమ్మితే, ఆ రోజు మిరపకాయల మూట విప్పారని మా టీమంతటికీ తెలుసు.

ఆ టీమ్‌లో వారాంతం నడకలకు వెళ్ళే గుంపొకటుంది. ప్రతిసారీ హార్స్లీ హిల్సే. జనవరిలో ఒకరోజు నోరు ఊరుకోక, మా ఊరి దగ్గర కోటా ఉంది, చెరువులూ ఉన్నాయి, సోమవారానికల్లా దారి గీసి పంపిస్తానని చెప్పేశాను. శనివారం పొద్దున ఆటో దిగి మొదటి చెరువు వైపు తిరిగీ తిరగకముందే కాలు గుంతలో పడింది. బాట ఇంకా మొదలే కాలేదు. మదనపల్లెలో కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాను. మూడు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు.

సాయంత్రం సిద్ధమ్మత్త ఆముదం ఆకులు తీసుకుని చూడటానికొచ్చింది. ఆమెది గుట్ట కింది పల్లె. సరుకులకు మా అంగడికే వస్తుంది. మా అమ్మ ఆమెను వదినా అంటుంది కాబట్టి నాకు అత్త, అంతకుమించి చుట్టరికం లేదు. మాటల్లో తెలిసింది, ఆమె రోజూ గొర్రెలు తోలుకుని ఆ కోటకే పోతుందని. నాకు వెంటనే ఒక ఉపాయం తట్టింది. ఫోనులో దారి నమోదయ్యేలా పెట్టి, దాన్ని ఆమె వక్కాకు సంచిలో వేశాను. తీయొద్దు, నొక్కొద్దు, రేపు సాయంత్రం తెచ్చివ్వు చాలు అన్నాను. ఎందుకని ఆమె అడగలేదు.

మరుసటి రోజు ఫోను తిరిగి ఇస్తూ ఒక ఫిర్యాదు మాత్రం చేసింది.

"అరగంటకోసారి ఇంగ్లీషులో ఏందో తిడతాండాది పాపా. నేనూ తెలుగులో తిట్టినా. సరికి సరి."

అది కిలోమీటరు పూర్తయినప్పుడల్లా వేగం చెప్పే గొంతు. ఆ వేగం చూశాక దానికీ తిట్టాలనిపించే ఉంటుంది.

తెరమీద గీత బాగానే వచ్చింది. రెండు చోట్ల మాత్రం తేడా. గుట్ట సగంలో ఏనుగంత గుండురాయి చుట్టూ మూడు చుట్లు తిరిగింది. పైన ఒక చింతచెట్టు కింద పదకొండు నిమిషాలు కదలకుండా నిలబడింది. డేటాను శుభ్రం చేశాకే వాడాలని నాలుగేళ్ళు చదువుకున్నాను. కానీ సోమవారం వచ్చేసింది. అలాగే ఎక్కించేసి, కింద 'ప్రకృతితో మమేకమవుతూ నేను వేసిన బాట' అని రాశాను. మంచం మీద కాలు చాపుకుని మరీ రాశాను.

మొదట మా టీమ్ వాళ్ళు పదిమంది వచ్చారు. తర్వాత నలభైమంది. తర్వాత ఎవరెవరో. అందరూ ఒకటే మాట రాసేవాళ్ళు: ఎక్కుడు తెలియకుండా ఎక్కించే దారి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా వెళ్ళొచ్చు, వేసినవాళ్ళకు దండం. ఇంకో విషయం కూడా జరిగింది. యాప్ చెప్పింది చెప్పినట్టు చేసే జనం కదా, గుండు దగ్గర మూడు చుట్లు తిరగడం మొదలుపెట్టారు. ఐదో వారానికి దానికి ఎవరో పసుపు, కుంకుమ పెట్టారు. చింతచెట్టు కింద పదకొండు నిమిషాలు కళ్ళు మూసుకుని మౌనం పాటించారు.

నేను సిద్ధమ్మత్తను నెమ్మదిగా అడిగాను. గుండు చుట్టూ ఒక గొర్రెపిల్ల పరిగెత్తిందట, దాని వెనక ఆమె. చింతచెట్టు కింద ఆదెప్ప అనే రైతుతో గొడవట, తన వేరుశనగ చేన్లో గొర్రెలు పడి బుడ్డల తీగ మేసేశాయని. అంటే ఆ పదకొండు నిమిషాల్లో ఆ చెట్టు కింద జరగనిదేదైనా ఉంటే అది మౌనమే. నేను నవ్వుకున్నాను గానీ ఎవరికీ చెప్పలేదు. దండాలు వస్తున్నాయి, తీసుకుంటున్నాను.

మదనపల్లెలో లెక్చరరుగా రిటైరైన మునిచంద్ర గారు ఆ బాట మీద ప్రాణం పెట్టుకున్నారు. ఆదివారం ఆదివారం వచ్చేవారు. ఒక కమిటీ వేసి, ముళ్ళకంపలు కొట్టించి, ఏప్రిల్ చివర్లో కోట దగ్గర బోర్డు కూడా పెట్టించారు. ఫోటో నాకు పంపారు. 'పావని బాట' అన్న పెద్దక్షరాలు చూసి దండం బొమ్మ ఒకటి, హృదయం బొమ్మ ఒకటి పంపాను. కింద చిన్నక్షరాల్లో ఇంకో వరుస ఉంది. చదవలేదు. మన పేరు కనిపించాక ఇంకేం చదువుతాం.

మే నెలలో ఒక గురువారం సిద్ధమ్మత్త అంగడికి తాళ్ళు కొనడానికొచ్చింది. అన్ని తాళ్ళెందుకని మా అమ్మ అడిగింది. వచ్చే వారం సంతకు సగం గొర్రెల్ని తోలేస్తానంది. నేను మెట్లు దిగి వచ్చి, ఎందుకని అడిగాను.

"నీ పేరు బోర్డు కొట్టినారు గదా పాపా. సంతోషం. మనుషులకైతే సదువొస్తాది. నా గొర్రెలకు రాదే, యాల ఆపినారో వాటికెట్ల తెలస్తాది?"

అప్పుడు ఫోటో పెద్దది చేసి చూశాను. 'గొర్రెలను, పశువులను తోలరాదు.' బోర్డు పక్కన, కోట గోడలో మనిషి వంగి దూరే చిన్న దిడ్డివాకిలికి, ఇనుప తలుపు, తాళం. నడిచేవాళ్ళ బూట్లకు గొర్రె పెంటికలు అంటుకుంటున్నాయని ఫిర్యాదులొచ్చాయట. ఆ దిడ్డి లోపల బండలో నీళ్ళు నిలిచే పెద్ద దొన ఉంది. వానకు నిండితే మళ్ళీ వానదాకా ఎండదు. మేలో మూడు చెరువులూ నెర్రెలు బారిపోయాక, చుట్టుపక్కల గొర్రెకు నీళ్ళున్నది అక్కడొక్కచోటే. మూడు వారాలుగా సిద్ధమ్మత్త వాటిని లారీలు తిరిగే రోడ్డు మీద, రెండు గంటల దూరంలో ఉన్న బోరు తొట్టిదాకా నడిపిస్తోంది. రెండు గొర్రెలు దారిలోనే పడిపోతే మోసుకొచ్చిందట.

ఇదంతా ఆమె నన్ను నిష్ఠూరమాడుతూ చెప్పలేదు. తాళ్ళ కొసలు ముడేస్తూ చెప్పింది. నిష్ఠూరమాడి ఉంటే కొంచెం తేలికయ్యేది నాకు.

ఆదివారం గొర్రెలతో దిడ్డి దగ్గరికి రమ్మని ఆమెతో చెప్పాను. ఎందుకని ఈసారీ అడగలేదు.

ఆ ఆదివారం ఇరవైమంది వచ్చారు. బాట వేసిన మనిషి మొదటిసారి తోడు వస్తోందని మునిచంద్ర గారు అందరికీ పరిచయం చేశారు. చప్పట్లు కొట్టారు. నన్ను ముందు నడవమన్నారు. మొదటి చెరువు కట్ట దాటాక దారి రెండుగా చీలింది. అందరూ నా వైపు చూశారు. ఎటు వెళ్ళాలో నాకు తెలియదు. ఫోను తీసి చూసుకోవడానికి సిగ్గేసింది. కిందికి చూస్తే ఎడమ వైపు దారిలో పెంటికలు, మూడు వారాల పాతవి, ఎండి రాళ్ళల్లా అయిపోయినవి. ఎడమ వైపు తిరిగాను. చీలిక వచ్చిన ప్రతి చోటా అదే పని. ఏవి బూట్లకు అంటుకుంటున్నాయని తలుపు పెట్టించారో, అవే నాకు దారి చూపించాయి.

గుట్ట ఎక్కుతుంటే ఇంకొకటి అర్థమైంది. ఆ దారి ఎక్కడా నేరుగా పైకి పోదు. బండను తప్పించుకుంటుంది, నీడ ఉన్న వైపు వంగుతుంది, ఆయాసం రాబోతోంది అనేలోపు చదునవుతుంది. నేను కట్టు విప్పిన కాలితో ఎక్కేశాను. మా ఫీల్డులో ఇంకొకరు రాసిన కోడ్ వాడుకోవడం తప్పేం కాదు. కానీ రాసినవాళ్ళ పేరు కింద వేయాలి. ఆ ఒక్క పనీ నేను చేయలేదు.

దిడ్డి దగ్గర మునిచంద్ర గారు తాళంచెవి తీస్తుంటే చెప్పేశాను.

"సార్, ఈ బాట నేను వేయలేదు. ఈ పొద్దే మొదటిసారి నడుస్తాండాను. ఆ రోజు నా ఫోను సిద్ధమ్మత్త సంచిలో ఉండింది. ఇన్నాళ్ళూ మీరంతా నడిచింది ఆమె గొర్రెల వెనకాల."

అప్పటికే వెనక గంటల చప్పుడు దగ్గరికొచ్చింది. సిద్ధమ్మత్త, ఆమె ముందు గొర్రెలు. అవి వచ్చి ఇనుప తలుపు ముందు ఆగి, కమ్మీల సందుల్లో మూతులు పెట్టాయి.

మునిచంద్ర గారు మోకాలికి కట్టుకున్న పట్టీ సర్దుకున్నారు. మెల్లగా అడిగారు.

"అట్లైతే ఆ గుండు సుట్టూ నేను వారం వారం మూడుసార్లు తిరిగింది?"

"గొర్రెపిల్ల కోసం సార్."

"నాకు మూడో సుట్టుకు దొరికింది సామీ," అంది సిద్ధమ్మత్త. "మీకింకా దొరకలేదా?"

మొదట నవ్వింది ఆయనే. తర్వాత అందరూ. నవ్వు ఆగాక ఆయన తాళం తీసి, తలుపును వెనక్కి నెట్టి, పక్కకు తప్పుకున్నారు.

"ఐదేండ్లుగా నా మోకాళ్ళు ఎక్కగలిగిన గుట్ట ఇదొక్కటేనమ్మా," అన్నారు ఆమెతో. "ఎవురికి దండం పెట్టాల్నో తెలీక బోర్డుకు పెట్టినాను."

ఆ రోజు మనుషులు ఆగారు, గొర్రెలు ముందు వెళ్ళాయి. ఒక్కొక్కటే తల వంచి దిడ్డి దూరాయి. ముప్పై ఎనిమిదీ లోపలికి వెళ్ళాక, దొన అంచున వరసగా నిలబడి నీళ్ళు తాగే చప్పుడు బయటి వరకూ వినిపించింది. సిద్ధమ్మత్త గట్టు మీద కూర్చుని సంచి విప్పి, నాకొక వక్క ఇచ్చింది. చేతిలో పెట్టి, పక్కన కూర్చోమని నేల తట్టింది.

ఇనుప తలుపు వారంలోగా ఊడబీకించారు. సంతకు గొర్రెలు పోలేదు. తాళ్ళు మా అమ్మ తిరిగి తీసుకుంది. బోర్డు మీద సిద్ధమ్మ పేరు రాయిద్దామని మునిచంద్ర గారు వెళ్ళి అడిగితే, ఆమె ఒప్పుకోలేదు. ఆ దారి తనకు చూపించింది తన అత్త బయ్యమ్మట. బయ్యమ్మకు ఎవరు చూపించారో తెలియదట. కడకు బోర్డు మీద పేరే లేదు. ఒక బాణం గుర్తు, దాని కింద ఒక వరుస: 'గొర్రెలొస్తే దారివ్వండి.'

యాప్‌లో నేను రాసింది మార్చేశాను. గుండు చుట్టూ మూడు చుట్లు మాత్రం తీయలేదు. ఇప్పుడు సంగతి తెలిసి కూడా జనం తిరుగుతున్నారు, నవ్వుకుంటూ. నేను శనివారాలు సిద్ధమ్మత్తతో వెళ్తున్నాను. నా వేగం కిలోమీటరుకు ఇరవై ఆరు నిమిషాలకు పడిపోయింది. ఫోను ఇంగ్లీషులో ఏదో అంటుంది. ఇద్దరం కలిసి తెలుగులో జవాబిస్తాం.

మీరు రోజూ నడిచే దారి కూడా ఒకటుంటుంది కదా. బస్‌స్టాండుకు అడ్డదారో, చేలగట్టో, ఆఫీసు వెనక సందో. దాన్ని ముందుగా ఎవరు తొక్కారు? మనిషైనా సరే, మేకైనా సరే. కనుక్కుని నాకు రాయండి. పేరు తెలియకపోతే, తెలియదనే రాయండి. బయ్యమ్మకు ముందున్నవాళ్ళ గురించి నేనూ అలాగే రాసుకున్నాను.