జవాబు చెప్పని సాయంత్రం

నాకు నోరెక్కువని మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. కుళాయి దగ్గర బిందె వరస తప్పితే నా గొంతు పెందుర్తి స్టేషను దాకా వినిపిస్తుందని పక్కింటి అప్పాయమ్మ అంటుంది. అలాంటి నన్ను, నోరు మూసుకుని కూర్చోమంది పెద్దాసుపత్రి డాక్టరమ్మ. అదే మందట!

జబ్బు నాది కాదు, మా ఆయన నీలకంఠానిది. చేపల జెట్టీ పక్కన బోట్లు బాగుచేసే షెడ్డులో ఆయనది గ్యాస్ కటింగు పని. గొట్టం పట్టుకుని ఇనప బోటు అడుగుకి దిగి, తుప్పుపట్టిన రేకు కోసి పైకి తియ్యాలి. సాయంత్రం సిలిండరు మర తిప్పి కట్టేసి, గొట్టం బయటికి లాగేసి ఇంటికి రావాలి. పన్నెండేళ్లుగా కట్టేసే వస్తున్నాడు.

పోయిన వేసవిలో ఇంకో షెడ్డులో ఎవరో కట్టడం మరిచిపోయారు. రాత్రంతా గ్యాసు కారి బోటు అడుగున నిండిపోయింది. పొద్దున్న సూరన్న దిగి మంట వెలిగించాడు. ఆ సూరన్నా మా ఆయనా ఒకే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నారు, ఒకే క్యారేజీలో తిన్నారు. మనిషిని మా ఆయన గుర్తుపట్టింది మొలతాడు చూసేనట.

ఆ మర్నాడే మొదలైంది. అన్నంలో చెయ్యి పెట్టి ఆగిపోయాడు.

"సిలకా, నాను సిలిండరు కట్టేసేను కదా?"

షెడ్డెక్కడ, నేనెక్కడ! పొద్దస్తమానం పెందుర్తిలో పిడకలు చరుచుకునేదాన్ని. అయినా ఆ మొహం చూసి, "కట్టేసేవు మావా" అన్నాను. రెండు ముద్దలు తిన్నాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను.

అలా రోజుకి రెండుసార్లు, ఐదుసార్లు, చివరికి లెక్కే లేదు. చెవిలో జోరీగ. చెప్పిన కాసేపే నిమ్మళం. ఆ తరవాత చేతులు చల్లబడిపోయేవి, చొక్కా తడిసిపోయేది, గుండె దడదడలాడేది. ఇంక ఆగలేక చెప్పులు వేసుకుని, ద్వారకానగర్‌లో బస్సు మారి, షెడ్డుకి పోయి సిలిండరు ముట్టుకుని వచ్చేవాడు. ఒక్కనాడైనా అది తెరిచి లేదు. వచ్చాక గోడకి జారబడితే మనిషి కాదు, పిండేసిన గుడ్డ.

గాలి సోకిందని ఒకరు తాయెత్తు కట్టారు. చినవాల్తేరు పిచ్చాసుపత్రికి తీసుకుపొమ్మని ఒకరు నవ్వారు. వాళ్ల నవ్వు తగలెయ్య! నాకూ ఓపిక అయిపోయింది. పడుకుందామంటే ప్రశ్న, లేద్దామంటే ప్రశ్న.

ఇంతలో షెడ్డులో ఇత్తడి సామాను పోయింది. పని అయిపోయాక ఒక్కడే తిరిగి వచ్చేది ఎవరు? మా ఆయనే. షెడ్డు మేస్త్రీ కామరాజు పిలిచి చెప్పాడట.

"నువ్వు దొంగవని నాను అనను నీలకంఠం. కానీ పనయ్యేక మళ్లీ గేటు కాడ కనబడితే, మర్నాటి నుంచి నీకిక్కడ పని లేదు."

అప్పుడు లాక్కుపోయాను పెద్దాసుపత్రికి. గుండె పరీక్ష చేశారు. గుండె రాయిలా ఉందట. ఒంట్లో ఏ రోగమూ లేదంటే మా ఆయన ఏడ్చేశాడు. "ఏటీ నేకపోతే మరి నాకెందుకిలాగవుతంది?" అన్నాడు. ఆ డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"నీ భయం అబద్ధం కాదయ్యా. స్నేహితుణ్ణి అలా చూశావు. కానీ నువ్వు పరిగెత్తినకొద్దీ అది నిన్ను తరుముతుంది. సిలిండరు ఒక్కసారి కట్టు, ఒక్కసారి చూసుకో, వచ్చెయ్. భయమేస్తే భయమేస్తోందని పైకి చెప్పు. ఊపిరి నెమ్మదిగా వదులు. కూర్చో. ఒక గంటో గంటన్నరో, దానంతటదే దిగుతుంది."

తరవాత నావైపు తిరిగింది. "ఆయన అడిగితే మీరేమంటారు?"

"కట్టేసేవంటాను."

"ఇంక అనకండి. దురద పెట్టినచోట గోకుతున్నారు మీరు. ఆ నిమిషం హాయిగా ఉంటుంది, పుండు మానదు."

నాకు ఒళ్లు మండింది. ఏడాదిగా ఈ మనిషిని సముదాయించింది నేను. నేను పుండు గోకానా? దారి పొడుగునా డాక్టరమ్మని తిడుతూనే వచ్చాను.

తరవాతి సోమవారం దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరాడు. కాళ్లు కడుక్కోలేదు.

"సిలకా, కట్టేసేను కదా?"

పొయ్యి ఊదుతున్నాను. ఊదుతూనే ఉన్నాను.

"నిన్నే. కట్టేసేను కదా?"

"నాను సెప్పను మావా. సెప్పకూడదంది."

బతిమాలాడు. కసిరాడు. "ఒక్క మాటంటే నీ సొమ్మేటి పోద్ది?" అని గిన్నె తన్నాడు. పన్నెండేళ్ల కాపరంలో గిన్నె తన్నడం అదే మొదలు. చెప్పులు వేసుకుని బయటపడ్డాడు. గేటు దగ్గర కనబడితే పని పోతుందని ఆయనకీ తెలుసు. తెలిసే పోతున్నాడు. పొయ్యిలో కట్టెలు బయటికి లాగేసి వెనకాలే పరిగెత్తాను.

బస్టాపులో రాతిబల్ల మీద కూలబడ్డాడు. పక్కన కూర్చున్నాను. బస్సొచ్చింది. లేచాడు. నా చెయ్యి పట్టుకుని, "ఒక్కసారి సెప్పు. సెప్తే ఎల్లను" అన్నాడు.

కట్టేసేవు మావా. రెండంటే రెండు మాటలు. నాలిక చివరికొచ్చేశాయి. అప్పుడు తెలిసింది నాకు, ఇన్నాళ్లూ ఆ మాట నేనెందుకు అంటున్నానో. ఆయన భయం పోవాలని కాదు. ఆయన నోరు మూతపడాలని, నాకు కాస్త నిద్ర దొరకాలని. సిగ్గేసింది.

"భయవేత్తందా?" అన్నాను.

"సచ్చిపోతానేమోననుంది."

"సరే. కూకో. నానూ కూకుంటాను."

బస్సు వెళ్లిపోయింది. చలిజ్వరం వచ్చినవాడిలా వణికాడు. డాక్టరమ్మ చెప్పినట్టు ఊపిరి వదలబోయి దగ్గు తెచ్చుకున్నాడు. రెండో బస్సుకి సగం లేచి కూర్చున్నాడు. నా మణికట్టు నలిగిపోయింది. మూడో బస్సు వచ్చేసరికి చెమట ఆరింది. అది వెళ్లిపోయాక నేలచూపులు చూస్తూ, "సూరన్న నవ్వితే పైపన్ను ఊగేది" అన్నాడు. ఏడాదిలో సూరన్న పేరెత్తడం అదే మొదలు. అప్పుడు ఏడ్చాడు. ఏడ్చి, ముక్కు చీది, "ఆకలేత్తంది" అన్నాడు.

ఇంటికొచ్చి చల్లారిన అన్నమే తిన్నాడు. అడగలేదు. రేపు అడుగుతాడేమో, ఎల్లుండి మళ్లీ చెప్పులు వేసుకుంటాడేమో, తెలీదు. ఈ పూటకి మాత్రం చెయ్యి కడుక్కుని చాప మీద వాలాడు. పక్షం రోజుల ఆకలి తీరినట్టు నిద్రపోయాడు.

కంచం తీసుకుని పెరట్లోకి వెళ్లాను. ఉన్నట్టుండి నా గుండె దడదడలాడింది. నిజంగా కట్టేశాడా? పొద్దున్న ఏ కూలివాడో బోటులోకి దిగి మంట వెలిగిస్తేనో? ఏడాదిపాటు ఏమీ తెలియకుండానే "కట్టేసేవు" అన్నదాన్ని నేను. అరచేతులు చల్లబడ్డాయి. గుమ్మం దాకా పరిగెత్తి, "మావా" అనబోయి ఆగిపోయాను. నేనడిగితే ఆయన లేచి బస్సెక్కుతాడు.

ఇన్నాళ్లూ ఆయనకి అడగడానికి నేనున్నాను. నాకెవరున్నారు?

మెట్టు మీద కూర్చుని ఊపిరి నెమ్మదిగా వదిలాను. ఎంగిలి కంచం ఒళ్లోనే ఉంది.