ఈతకు వెళ్ళిన ఫోను

ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. "నీకు ఈత వచ్చా?" అన్నాడు మొగుడు.

"రాదు. పెళ్ళికి ముందే అడగాల్సింది. ఇప్పుడు వెనక్కి తీసుకోరు," అంది ఆవిడ.

అత్తగారు కంచంలోంచి తలెత్తలేదు.

ఆయనది బీమా కంపెనీలో ఉద్యోగం. కారు గుద్దుకుందనీ, గోడౌనులో సరుకు తడిసిపోయిందనీ జనం చెప్పే కథల్లో ఏది నిజమో తేల్చడం పని. పొద్దస్తమానం అబద్ధాలు ఏరేవాడికి ఇంటికొచ్చాక మాత్రం చేతులు ఎలా ఊరుకుంటాయి? పాలు విరిగినా సరే, ఎప్పుడు విరిగాయి, అప్పుడు పక్కన ఎవరున్నారు అని అడుగుతాడు. ఆవిడ మనసులో ఆయనకు పెట్టుకున్న పేరు ఎంక్వయిరీ గారు.

ఈ మధ్య ఆ ఎంక్వయిరీ తీరు మారింది. మొన్న "మధ్యాహ్నం ఎటైనా వెళ్ళావా?" అన్నాడు. నిన్న "స్టేడియం వెనక వీధిలో మనకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నాడు. పొద్దున ఏకంగా పక్కకొచ్చి జుట్టు వాసన చూశాడు. ప్రేమేమోనని ఒక్క క్షణం ఆశపడింది. తీరా చూస్తే గ్యాసు ఎక్కడ లీకవుతోందో వెతికేవాడి మొహం.

మధ్యాహ్నాలు ఆవిడ ఇల్లు కదలదు. అయినా తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. స్టవ్ కట్టేశానా లేదా అని రెండుసార్లు వెనక్కొచ్చి చూసింది. తప్పు చేసి ఉంటే కనీసం ఏం దాచుకోవాలో తెలిసేది. ఇక్కడ అదీ లేదాయె.

మర్నాడు బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే అత్తగారి తువ్వాలు చేతికొచ్చింది. కొట్టొచ్చినట్టు క్లోరిన్ వాసన. ఇంట్లో ఆ వాసనొచ్చే వస్తువే లేదు. ఆవిడ తువ్వాలు పట్టుకునే లోపలికి వెళ్ళింది.

"అత్తయ్యా, మీకు ఈత వచ్చా?"

అత్తగారు పేపరు మడిచి పక్కన పెట్టింది. "తేలడం వచ్చింది. ముందుకెళ్ళడం ఇంకా రాలేదు."

"లైబ్రరీకన్నారుగా రోజూ?"

"పూల్ దాని పక్కనే. వచ్చేటప్పుడు పుస్తకం కూడా తెస్తున్నానా లేదా? అబద్ధం ఎక్కడుందే అందులో?"

మోకాళ్ళకు మంచిదని డాక్టరే చెప్పాడట. ఆడవాళ్ళ బ్యాచ్ మధ్యాహ్నం పూట ఉంటుందట.

"మరి మీ అబ్బాయితో చెప్పొచ్చుగా?"

"బాత్రూములో ఒక్కసారి జారానని, చెంబు ముట్టుకోవాలన్నా వాడి పర్మిషన్ కావాలి నాకు. ఇక పూల్ అంటే ఊరుకుంటాడా? వాడికి తెలిసిన రోజే నాకు ఆఖరి రోజు." అత్తగారు నవ్వుతూనే అంది గానీ గొంతులో నవ్వు లేదు. "నీళ్ళలో ఉన్నంతసేపూ నాకు మోకాళ్ళున్న సంగతే గుర్తురాదమ్మాయ్. చెప్పకే."

"చెప్పను," అంది కోడలు.

అన్నాక వెలిగింది. లైబ్రరీ, పూల్ ఉన్నవి స్టేడియం వెనక వీధిలోనే. అక్కడికి వెళ్తున్నది అత్తగారు. అత్తగారి చేతిలో ఉన్నది కోడలి ఫోను.

ఇద్దరికీ ఒకే రకం ఫోన్లు కొనిపెట్టాడాయన. అత్తగారు తనది మెట్ల మీద పడేసి అద్దం పగలగొట్టుకుంది. పగుళ్ళ వెనక అక్షరాలు ఆవిడకు ఆనలేదు. ఎలా పడింది, ఏ చేత్తో పట్టుకున్నావు అని కొడుకు వేసే ప్రశ్నలకు భయపడి, అత్తాకోడళ్ళిద్దరూ గుట్టుగా సిమ్ములు మార్చేసుకున్నారు. పగిలింది కోడలి దగ్గర, మూత ఉన్న కవరులో దాక్కుంది. మంచిది అత్తగారితో లైబ్రరీకి, అక్కణ్ణించి పూల్ లాకరులోకి వెళ్తోంది.

అంటే ఆయన వెంటపడుతున్నది మనిషిని కాదు, ఫోనుని.

ఆ ఫోను అడిగి తీసుకుని రిపేరు కొట్టుకు పరుగెత్తింది. కొట్లో అమ్మాయి కాసేపు సెట్టింగుల్లో తవ్వి, తెర ఆవిడ వైపు తిప్పింది.

"బ్యాటరీ సహాయకుడు అని ఉంది చూడండక్కా. ఇది బ్యాటరీకేం సహాయం చెయ్యదు, తాగేస్తుంది. మీరెక్కడున్నారో ఎవరికో చేరవేస్తోంది."

"దానంతట అదే వస్తుందా?"

"రాదక్కా. ఎవరో ఫోను చేతిలోకి తీసుకుని, లాక్ తీసి పెట్టాల్సిందే. మీ లాకు ఎవరికి తెలుసు?"

లాకు పెట్టిందే ఆయన. కొన్న రోజు కుర్చీలో కూర్చుని, నీకు అర్థం కాదులే, నేను చేసిస్తానంటూ.

"తీసెయ్యమంటారా? తీసేస్తే అవతలాయనకు తెలిసిపోతుంది."

"ఉంచు," అంది ఆవిడ.

బయటికొచ్చాక ఎండలో నిలబడిపోయింది. మీ అమ్మే వెళ్ళిందండీ అని ఒక్క ముక్క అంటే తన మీద మచ్చ పోతుంది, అత్తగారి ఈతా పోతుంది. అనకపోతే ఆయన కళ్ళలో తను రోజూ ఎవరి కోసమో తడిసొస్తున్న మనిషి. ఇంటివైపు నాలుగడుగులు వేసింది. వెనక్కి తిరిగింది. మళ్ళీ ఇంటివైపు చూసింది. చివరికి ఆయన ఆఫీసు వైపు వెళ్ళే బస్సెక్కింది.

కింద హాల్లో రిసెప్షనిస్టు ఎవరితోనో ఫోనులో పోట్లాడుతోంది. ఆవిడ తనొచ్చిన సంగతి ఆమెతో చెప్పలేదు. మూల కుర్చీలో కూర్చుని ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

కాసేపటికి లిఫ్టు తెరుచుకుంది. ఆయన, చొక్కా చేతులు మడుచుకుంటూ, చెమటలతో.

"ఏంటి, ఇలా వచ్చావు?"

"నేనొచ్చానని ఎవరు చెప్పారండీ?"

ఆయన రిసెప్షనిస్టు వైపు చూశాడు. ఆ అమ్మాయి అప్పుడే ఫోను పెట్టేసి, "ఎవరు కావాలండీ మీకు?" అంది ఆవిడతో.

"కిటికీలోంచి కనబడ్డావు," అన్నాడాయన.

"మీ కిటికీ వెనక పార్కింగు వైపు కదా."

అబద్ధాలు పట్టే మనిషికి అబద్ధమాడటం సరిగా రాదని ఆవిడకు అప్పుడే తెలిసింది. ఫోను ఆయన చేతికిచ్చింది.

"రోజులు బాలేవు, నీ భద్రత కోసమే పెట్టాను," అన్నాడు గొంతు తగ్గించి.

"నాకు చెప్పి వేస్తే అది తాళం. చెప్పకుండా చేయించుకుంటే దొంగతాళం. తీసెయ్యండి, నా ముందే."

తీసేశాడు. ఎక్కడుందో వెతుక్కోకుండా వేలు తిన్నగా అక్కడికే వెళ్ళింది. అన్నిటికంటే ఆవిడకు అదే గుచ్చుకుంది.

"మరి ఆ స్విమ్మింగ్ పూల్..."

"ఫోను వెళ్ళింది. నేను వెళ్ళలేదు."

"నువ్వు కాకపోతే ఇంట్లో ఇంకెవరు..." ఆయన మాట అక్కడే నిలిచిపోయింది. తేల్చుకోవడానికి ఇంట్లో అంతమంది లేరు. "అమ్మా? ఆ మోకాళ్ళతోనా? ఇవాళే మాన్పిస్తాను."

ఆవిడ చెప్పనంది, చెప్పలేదు. అయినా చెప్పినట్టే అయింది. ఏం చెయ్యాలో తోచక నోటికొచ్చింది అడిగేసింది.

"అలాగే మాన్పించండి. నీకెలా తెలిసిందిరా అంటుంది. ఏం చెప్తారు?"

ఆయన ఫోను ఆవిడ చేతిలో తిరిగి పెట్టి, లిఫ్టు బటను రెండుసార్లు నొక్కాడు. ఇంకో ప్రశ్న వెయ్యకుండా ఎంక్వయిరీ గారు వెళ్ళిపోవడం ఆవిడ చూడటం అదే మొదలు.

సాయంత్రం ఇంట్లో ఆయన కూర్చోలేకపోయాడు. లేచి కిటికీ దగ్గరికెళ్ళాడు, వచ్చాడు.

"అమ్మా, నువ్వు మధ్యాహ్నం పూట..."

"ఏంట్రా?"

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ బట్టలు మడుస్తోంది.

"ఏం లేదు. మెల్లగా నడు. నేల తడిగా ఉంటుంది."

"ఏ నేలరా?"

"ఏ నేలైనా," అనేసి పక్క గదిలోకి తప్పుకున్నాడు.

అత్తగారు కోడలి వైపు చూసింది. కోడలు చొక్కా కాలరు సర్ది, ఇంకో చొక్కా అందుకుంది.

మడవడం అయ్యాక వెళ్ళి ఫోను తీసి సెట్టింగులు తెరిచింది. ఆ పేరు లేదు. మూసింది. చీపురు తీయబోయి, వెనక్కొచ్చి మళ్ళీ తెరిచింది. ఇంకో పేరుతో ఉండదని ఏముంది?

ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "తీసేశాను కదా," అన్నాడు.

"తెలుసు," అంది ఆవిడ. పేర్లు ఒక్కొక్కటే చదువుకుంటూ కిందికి వెళ్తూనే ఉంది.