ముప్ఫై మంది ఎక్కారు, రైట్

పెళ్ళయి అయిదు రోజులు. అందులో నాలుగు చుట్టాల పాలయ్యాయి. మిగిలిన ఒక్కరోజైనా తనదేననుకుని కొత్త పెళ్ళికూతురు తెల్లవారకముందే లేచి, కొత్త చెప్పులు తొడుక్కుని కొండల టూరు బస్సెక్కింది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే టూరు. మర్నాటి నుంచి మొగుడికి డ్యూటీ, ఆరు రోజులకోసారి ఇల్లు చేరే దూరపు రూటు. ఆమెకీ చొక్కాల ఫ్యాక్టరీలో సెలవు అయిపోతుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పుకోవడానికి ఉన్నది ఈ ఒక్క పగలే.

మొగుడు బస్సు కండక్టరు. వచ్చిన చిక్కల్లా అదే.

అత్తగారు ముందే చెప్పింది. "మావాడు బంగారమమ్మా. బస్సెక్కాడంటే మాత్రం మన మనిషి కాదు. ఓసారి వాళ్ళ నాన్న చెయ్యూపుకుంటూ వెనకాల పరిగెత్తుకొస్తుంటే, టైమైపోయిందని రైట్ కొట్టేశాడు." ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. కొత్తకోడలు కూడా నవ్వింది. అప్పుడు నవ్వొచ్చింది మరి.

బస్సు కదిలాక పావుగంటసేపు బుద్ధిగానే కూర్చున్నాడు. కిటికీ సీటు ఆమెకిచ్చి, "చలేస్తోందా?" అని కూడా అడిగాడు. ఆమె జవాబు చెప్పేలోపే, ముందెవరో సామాను దారికడ్డంగా పెట్టారని లేచాడు. ఇక మళ్ళీ కూర్చుంటే ఒట్టు. "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అంటాడు. అందరూ కూర్చునే ఉన్న బస్సులో ఎవరు ఎక్కడికి జరుగుతారు? గైడుకి జలుబు చేసి గొంతు పోయింది. "మీరు కూర్చోండి సార్, నేను చూసుకుంటా" అని అతని చేతిలోని ఈల కూడా పుచ్చుకున్నాడు. సెలవు పెట్టి మరీ డ్యూటీ చేసే మహానుభావుణ్ణి ఆమె అదే చూడటం.

జలపాతం దగ్గర పావుగంట ఆపారు. అతను మెట్ల దగ్గర నిలబడి అందర్నీ చెయ్యి పట్టుకుని దించాడు. తర్వాత అందర్నీ చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ఆ మధ్యలో ఆమె ఒక్కతే నీళ్ళకేసి చూస్తూ నిలబడితే, నాలుగు కొత్త జంటలు వచ్చి ఫోటో తియ్యమన్నాయి. తీసింది. "మీవారేరీ?" అని ఒకమ్మాయి అడిగింది. "పనిలో ఉన్నారు" అని పళ్ళ బిగువున చెప్పింది.

ఆఖరిది కొండకొమ్ము. అక్కడ లోయ అంచున అడ్డంగా వేసిన కటకటాల దగ్గర నిలబడితే ఎదురుగా శిఖరాలన్నీ వరసగా కనిపిస్తాయి. టూరు కాగితం మీద అచ్చేసిన బొమ్మ అదే. దాన్ని ఆమె వారం నుంచి పర్సులో పెట్టుకు తిరుగుతోంది.

"ఇక్కడైనా నాతో రండి" అంది.

"వస్తా, వస్తా. అందరూ దిగనీ."

అందరూ దిగారు. అందరూ చూశారు. అందరూ ఎక్కుతున్నప్పుడు అతను గబగబా వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఆమె వేలెత్తి ఏదో చూపించబోయింది. అతను వాచీ చూసుకున్నాడు. అప్పుడే బస్సు దగ్గర్నుంచి ఒక పెద్దావిడ కేకేసింది, మలుపు అవతల బల్ల మీద సంచీ మర్చిపోయానని.

"నువ్వు కాస్త పరిగెత్తుకెళ్ళి తెచ్చిపెట్టు. ఆవిడ నడవలేదు పాపం" అని, అతను బస్సు వైపు ఉరికాడు.

ఆమె వెళ్ళింది. సంచీ తీసుకుని మలుపు తిరిగేసరికి రెండు ఈలలు, ఆ వెనకే మొగుడి గొంతు వినిపించాయి. "ముప్ఫై మంది ఎక్కారు. రైట్, రైట్!"

బస్సు వెళ్ళిపోయింది.

కేకేసింది. పరిగెత్తింది. కొత్త చెప్పు తెగింది. ఫోను బస్సులోనే, సీటు మీద ఉండిపోయింది. రోడ్డు పక్కన రాయి మీద కూలబడితే ముందు ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది. ఫ్యాక్టరీలో ఆమె పని గుండీలు సరిచూడటం. ఒక్క గుండీ తక్కువైనా చొక్కాని వెనక్కి పంపేస్తుంది. ఈ మనిషికి పక్కసీటు మనిషి లేకపోయినా లెక్క ఎలా సరిపోయింది?

ఆ ఇరుకు రోడ్డు మీద బస్సు తిరగాలంటే చాలా కిందికి పోవాలి. అది తిరిగొచ్చేసరికి అరగంట పట్టింది. ఈలోపు మంచు లోయలోంచి లేచి శిఖరాలన్నిటినీ మింగేసింది.

బస్సు ఆగకముందే అతను దూకాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. కిటికీలోంచి పెద్దావిడ తల బయటికి పెట్టింది. "నేను సంచీ ఏదని అడగబట్టి సరిపోయిందమ్మా. లేకపోతే నీ మొగుడు మమ్మల్ని ఊళ్ళోకి చేర్చేసేవాడు."

బస్సు వెనక్కొచ్చింది సంచీ కోసమన్నమాట. ఆమెకి కోపం నషాళానికంటింది.

"రెండుసార్లు లెక్కపెట్టానే" అన్నాడతను. "సరిగ్గా ముప్ఫై ఉన్నారు."

"కాగితంలో ఎంతమంది?"

"ముప్ఫై రెండు."

"మరి?"

"మనిద్దరం పోతే ముప్ఫైయేగా..." గొంతు సన్నబడింది. "డ్యూటీలో మేం స్టాఫ్‌ని లెక్కపెట్టం. నేనూ డ్రైవరూ లెక్కలోకి రాం. నువ్వు ప్యాసింజరువి కాదు కదా, నా మనిషివి. అందుకని..."

"అందుకని వదిలేసి పోయారు."

"అది కాదే..."

"అదే. పరాయిదాన్నయితే లెక్కలో ఉండేదాన్ని. పరాయిదాని సంచీ కోసమైనా బస్సు వెనక్కొచ్చింది. మీ మనిషినైన పాపానికి కొండ మీద రాయిలా పడున్నాను."

ఆమె సంచీని కిటికీలోంచి పెద్దావిడకి అందించింది. బస్సు మాత్రం ఎక్కలేదు. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని కటకటాల వైపు నడిచింది.

"ఎక్కడికి?"

"నాకు పావుగంట రావాలి. అందరికీ ఇచ్చారుగా."

"ఇప్పుడా? మంచు కమ్మేసింది. ఏం కనిపిస్తుందక్కడ?"

"కనిపించకపోతే కనిపించకపోనీ."

"లోపల ముప్ఫై మంది..." అనబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. తొమ్మిదేళ్ళ సర్వీసులో కన్నతండ్రి కోసం కూడా బస్సు ఆపని మనిషి. ఒకసారి బస్సుకేసి, ఒకసారి పెళ్ళాం వీపుకేసి చూశాడు. తర్వాత ఆమె వెనకాలే నడిచాడు.

కటకటాల అవతల అంతా తెలుపు. రాయీ లేదు, చెట్టూ లేదు. ఆమె అటే చూస్తూ నిలబడింది. అతను పక్కన నిలబడ్డాడు. ఆమెకి కోపం తగ్గలేదు. ఇవాళ తగ్గేదీ కాదు. అరచెయ్యి చాపింది. అతను మెడలోంచి ఈల తీసి అందులో పెట్టాడు. కాసేపాగి, అడక్కుండానే వాచీ కూడా తీసిచ్చాడు.

వెనక డ్రైవరు హారన్ కొట్టాడు. అతని భుజం ఉలిక్కిపడింది, కాలు మాత్రం కదల్లేదు. రెండోసారి కొట్టాక గైడు మెట్టు మీదికొచ్చి, ఆ పోయిన గొంతుతోనే అరిచాడు. "ఇంకా ఎంతమంది రావాలండీ?"

అతను వెనక్కి తిరగలేదు.

"ఇద్దరం రావాలి" అన్నాడు గట్టిగా. "ఆగండి."