యాంగిమ్ అడిగిన బస్సు

డెబ్బై నాలుగేళ్లు వచ్చేదాకా, ఓటు ఎవరికి వెయ్యాలన్న విషయంలో యాంగిమ్ ఎన్నడూ బుర్ర బద్దలు కొట్టుకోలేదు. పోటీలో తమ చర్చి సంఘంవాడుంటే అతనికి, లేకపోతే పక్క సంఘంవాడికి. ఇద్దరూ లేని ఏడు, పాస్టరుగారు ప్రసంగంలో ఎటు తలూపితే అటు. పేరు చెబితే చట్టం ఒప్పుకోదు. తలూపినందుకు చట్టం మాత్రం ఏం చేస్తుంది?

ఈసారి తలూపే పని కూడా లేదు. సంఘ పెద్ద ప్యో స్వయంగా జిల్లా మండలికి నిలబడ్డాడు. సముద్రపు నాచును పలచటి రేకులుగా ఆరబెట్టే ఫ్యాక్టరీ ఉంది అతనికి. మాట మెత్తన, దశమభాగం ఎగ్గొట్టని మనిషి. గెలిచేది ఇద్దరైనా మొదటి చోటు ఎప్పటిలాగే పాత సభ్యుడిదేనని ఊళ్లో కుక్కలకు కూడా తెలుసు. కొట్లాటంతా రెండో చోటు కోసమే. ప్యోకి ఎదురు నిలిచినవాడు దొక్సూ, వలలూ తాళ్లూ అమ్ముకునేవాడు. బుద్ధుడికి మొక్కుతాడు, పొద్దు వాలకముందే తాగుతాడు, మైకు ముందు కూడా నోరు అదుపులో ఉండదు.

ఆ దొక్సూ ఒక మాటన్నాడు. తను గెలిస్తే సముద్రపు కట్ట చివరి పల్లెకి తెల్లవారుజామున బస్సు వేయిస్తానన్నాడు. వేలానికి చేపలు మోసుకెళ్లే ఆడవాళ్ల కోసమట. యాంగిమ్ ఉండేది ఆ పల్లెలోనే. ఆ బస్సు చర్చి ముందు నుంచే పోవాలి, వేరే దారి లేదు.

చర్చిలో రోజూ ఐదింటికి ప్రార్థన. చర్చి వ్యాను ఆదివారం ఒక్కరోజే వస్తుంది. మిగతా రోజుల్లో యాంగిమ్, ఆమె స్నేహితురాలు మల్సూన్ చేయీ చేయీ పట్టుకుని చీకట్లో కట్టమీద నడిచి వెళ్లేవారు. జనవరిలో మంచుమీద మల్సూన్ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇప్పుడు పట్నంలో ముసలివాళ్ల ఆసుపత్రిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంటుంది. అప్పటినుంచి యాంగిమ్ ఒంటరిగా నడుస్తోంది. భయంగానే నడుస్తోంది. మానేద్దామంటే మనసొప్పదు. మొగుడు పోయాక ఆమె నోరువిప్పి మాట్లాడేది ఆ ఒక్క గంటే.

ఒక ఆదివారం భోజనాల దగ్గర ప్యోని అడిగింది.

"పెద్దగారూ, ఆ బస్సేదో మీరే వేయించరాదూ?"

"అక్కగారూ, పట్టుమని పదిమంది ఎక్కని బస్సుకి జనం సొమ్ము తగలేస్తే దేవుడు మెచ్చుతాడా? ఆదివారం వ్యానుందిగా!"

తక్కిన ఆరు రోజులూ దేవుడు సెలవు పెడతాడా అని నోటిదాకా వచ్చింది. సూపు గబగబా తాగేసి ఊరుకుంది.

ఊరుకుంది కానీ లోపల ఊరుకోలేదు. దేవుణ్ణి నమ్మినవాడేమో బస్సు వద్దంటాడు. నమ్మనివాడేమో దేవుడి గుమ్మం దాకా బస్సు వేస్తానంటాడు. ఓటు ఎవరికి వేస్తే ఆయనకి వేసినట్టు? మనుషుల్ని అడిగితే పుల్లలు పెడతారు కనుక ఆయన్నే అడుగుదామనుకుంది.

ఆ సంఘంలో ప్రార్థన హోరుగా ఉంటుంది. అందరూ కలిసి ముమ్మారు "ప్రభువా!" అని కేకవేసి, ఆపైన ఎవరి మొర వారు ఎలుగెత్తి ఒకేసారి పెట్టుకుంటారు. ఆ హోరులో పక్కవారి మాట వినపడదు. కోడళ్లు అత్తల సంగతులు చెప్పుకునేది కూడా అప్పుడే. చాలనుకున్నప్పుడు పాస్టరుగారు చిన్న గంట కొడతారు, అందరూ ఆగుతారు. యాంగిమ్ చెవి మిషను ఆ హోరుకి కీచుమంటుంది కనుక తీసి జేబులో వేసుకోవడం అలవాటు. ఆ రోజూ వేసుకుంది.

గంట మోగింది. హోరు ఆగింది. యాంగిమ్ ఆగలేదు.

"...పెద్దగారు మంచివాడే తండ్రీ, కాదనను. కానీ ఆయన్ని గెలిపించకు. ఆయన గెలిస్తే బస్సు రాదు. ఆ తాగుబోతు దొక్సూని గెలిపించు. గెలిచాక వాడి తాగుడు సంగతి నువ్వే చూసుకో. యేసు నామమున అడిగి వేడుకుంటున్నాను తండ్రీ, ఆమేన్!"

"ఆమేన్!" అంది సంఘమంతా.

అలవాటు అలాంటిది. అన్నాక అందరూ నాలుక కరుచుకున్నారు. అందరికన్నా గట్టిగా అన్నది ప్యోనే.

చెప్పులు తొడుక్కునే చోట ప్యో భార్య హ్యోసన్ అడ్డంగా నిలబడింది.

"ఏం అక్కా, మా ఇంటి కిమ్చీ పచ్చడి తిన్న నోటితోనేనా ఆ మాటలు?"

"తిన్నాను. బాగుంది. కానీ నేనడిగింది నిన్నూ కాదు, నీ మొగుణ్ణీ కాదు."

"ఆదివారం అందరి ముందూ తప్పు ఒప్పుకో!"

"ప్రార్థనకి తప్పొప్పుకోవడమేమిటే? తప్పయితే ఆయనే వినడు, అంతటితో సరి."

మాట బింకంగానే అంది కానీ ఇంటికెళ్లాక గంజి పొయ్యిమీద పెట్టి, మాడేదాకా మర్చిపోయింది.

మర్నాడు తెల్లవారుజామున గుమ్మం ముందు టార్చిలైటు కనపడింది. ప్యో.

"ఎన్నికలయ్యేదాకా ఓటర్లని కారెక్కించుకుంటే నాకు కేసవుతుంది" అన్నాడు. "అందుకని నడుద్దాం పదండి."

కారు చర్చి దగ్గర పెట్టి, కట్టమీద నడుచుకుంటూ వచ్చాడట. యాంగిమ్ పక్కన నడిచింది. ఓటు కోసం ఎంత దూరమైనా నడుస్తారనుకుంది మనసులో. వేలానికి పోయే ఆడవాళ్లయితే పైకే అన్నారు.

"అక్కా, నీ ఓటు భలే పిరమైపోయిందే! మాకూ ఓ లైటు పంపించమను!"

ప్యో రోజూ వచ్చాడు. వాన రోజు గొడుగు తెచ్చాడు. ఓటు మాట ఎత్తలేదు. ఒకనాడు పొగమంచులో నిలబడి అడిగాడు.

"మల్సూన్‌గారు పడింది ఇక్కడేనా?"

"ఇంకాస్త ముందు."

అక్కడికి చేరాక లైటు కిందికి వేసి కాసేపు చూశాడు. యాంగిమ్ మనసు కాస్త మెత్తబడింది.

"పెద్దగారూ, ఇప్పటికైనా బస్సు వేయిస్తానని ఒక్క మాటనండి. నా ఓటూ మీకే, వేలం ఆడవాళ్ల చేతా వేయిస్తాను."

"వేయించాలనే ఉందక్కగారూ, ఈ దారి చూశాక. కానీ మండలిలో డబ్బుందో లేదో నాకు తెలీదు. తెలీకుండా ఎలా చెప్పను?"

"దొక్సూకి మాత్రం తెలుసా? చెప్పట్లా?"

"వాడు చెబుతాడు. నేను చెప్పలేను."

ఏం మొండి మనిషిరా బాబూ అనుకుని ఆమె దారిపొడవునా సణిగింది.

ఎన్నికల రోజు తెర వెనక ముద్ర పట్టుకుని చాలాసేపు నిలబడింది. బయట ఎవరో దగ్గారు. అబద్ధమాడని మనిషి పేరు ఒకటి, అబద్ధమో నిజమో బస్సన్న మనిషి పేరు ఒకటి. పైనున్న ఆయన ఏమీ చెప్పలేదు, ఎంత అడిగినా. మల్సూన్ గోడవైపు తిరిగి పడుకోవడం కళ్లముందు మెదిలింది. దొక్సూ పేరు పక్కన ముద్ర గుద్ది, మడిచి, పెట్టెలో వేసి వచ్చేసింది.

దొక్సూ గెలిచాడు. ఎక్కువ తేడాతో కాదు. వేలం ఆడవాళ్లంతా అటు వేస్తే వచ్చేటంత తేడా.

మర్నాడు యాంగిమ్ రోజూ కన్నా ముందే కర్ర తీసుకుని బయల్దేరింది. ఇవాళ ఎవరూ రారని ఆమెకి తెలుసు. గుమ్మం ముందు కారు ఆగి ఉంది. ప్యో తలుపు తీసి పట్టుకున్నాడు. రాత్రి నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నేను దొక్సూకి వేశాను" అంది ఆమె అక్కడే నిలబడి.

"తెలుసు."

"మీరు ఓటు కోసమే వస్తున్నారనుకున్నాను ఇన్నాళ్లూ."

"మొదటి రోజు అందుకే వచ్చాను" అన్నాడు ప్యో. "ఎక్కండక్కగారూ. ఇప్పుడు నేను అభ్యర్థిని కాదు కదా, కేసవదు."

ఇలాంటి మనిషిని ఓడించానే అని యాంగిమ్‌కి ఏడుపొచ్చింది. రేపు మళ్లీ ముద్ర చేతికిచ్చినా దొక్సూకే గుద్దుతానని తెలిసి ఇంకా ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కారెక్కింది.