నాలుగో డబ్బా

మొగిలవ్వ అనుమానం ఒక తడి డబ్బా దగ్గర మొదలైంది.

కోరుట్లలోని ఆ ఇంట్లో తినేవాళ్లు ముగ్గురు. మొగిలవ్వ, కోడలు రేణుక, మనవరాలు పూజ. కొడుకు నరేశ్ మస్కట్‌లో ఉన్నాడు. ముగ్గురికీ మూడు స్టీలు డబ్బాలు. పూజది బడికి పోతుంది. రేణుకది జగిత్యాలలో ఆమె పనిచేసే బట్టల దుకాణానికి పోతుంది. మొగిలవ్వది ఇంట్లోనే ఉంటుంది. ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చుంటే ఆమె మళ్లీ లేచి వడ్డించుకునే రకం కాదు. నాలుగో డబ్బా నరేశ్‌ది. అది అటక మీద ట్రంకు పెట్టెలో ఉండాలి. ఆ సాయంత్రం అది మిగతా వాటి పక్కన బోర్లించి ఉంది. అంచు నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

వేరే ఇంట్లో అయితే ఎవరి కంటా పడేది కాదు. రేణుక ఇల్లు నడిపే తీరే వేరు. నరేశ్ విమానం ఎక్కిన వారంలోనే ఆమె ఇంటిని ఒక గాడిలో పెట్టింది. తాళంచెవికి ఒక మేకు, కత్తెరకు ఒక మేకు, పూజ సంచికి ఒక మేకు. పొద్దున వండే కూర ముందు రోజే తరిగి పెట్టాలి. బీడీలకు వాడే తునికాకు సాయంత్రమే తడిపి గోనెసంచిలో చుట్టి ఉంచాలి. ఎవరు తిన్న డబ్బా వాళ్లే కడగాలి. అన్నాలయ్యాక ముగ్గురూ చాప మీద కూర్చుని రేపు ఎవరి పని ఏమిటో పంచుకోవాలి.

ఆ చాప మీద కొలువు మొగిలవ్వకు నచ్చేది కాదు. పని చెప్పేది కోడలు, వినేది అత్త. అందుకే మూతి ముడుచుకుని కూర్చునేది తప్ప ఒక్క మాట మాట్లాడేది కాదు.

"గీ డబ్బ ఎందుకు దిగింది?" అంది ఆ సాయంత్రం.

రేణుక చీపురు ఆపలేదు. "నా డబ్బ మూత వదులైందత్తమ్మా. పులుసు కారుతున్నది."

కోడలు పెరట్లోకి పోగానే మొగిలవ్వ ఆమె డబ్బా తీసి చూసింది. మూత తీయడానికి గోళ్లు నొప్పి పుట్టాయి. అది ఏ మాత్రం వదులు కాలేదు.

మొగిలవ్వ మూత తిరిగి పెట్టి, డబ్బాను ఎక్కడిదక్కడ బోర్లించి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. కానీ ఆమె కళ్లు ఆ రోజు నుంచి నిద్రపోలేదు.

ఎసట్లో పోసే బియ్యం పెరిగాయి. రేణుక భుజాన సంచి బరువెక్కింది. పొద్దున రెండు డబ్బాలు సర్దుకుని, పైన తువ్వాలు కప్పి, వెనక్కి చూడకుండా బస్సుకు నడిచేది. సాయంత్రం వచ్చేసరికి రెండూ ఖాళీ. ఒక్క ఆడమనిషి రెండు డబ్బాల అన్నం తినదు. మరి రెండోది ఎవరు తింటున్నారు?

పక్కింటి ఐలవ్వ కళ్లు చూపించుకోవడానికి జగిత్యాల పోయి వచ్చింది. వచ్చిన సాయంత్రమే గోడ మీద మోచేతులు ఆనించి నిలబడింది.

"మొగిలక్కా, మీ కోడలు దుకాణం మార్చిందా?"

"లేదు. ఎందుకె?"

"ఏంలేదు. బస్సు దిగినంక దుకాణం దిక్కు పోలే. పాత ఇండ్ల ఎనక సందుల్లకు మలిగింది. నడుమ మందుల షాపు కాడ ఆగింది. పిలుద్దమంటె మనిషి మాయమైంది."

"నీ కండ్లకు మసక పట్టిందనే గదనె దవాఖానకు పోయినవు? ఎవల్ని చూసినవో ఏమో."

"దగ్గరిదే మసక, దూరంది కాదక్క. మంచిగనే కనవడ్డది. నేనేమంటలేను తల్లీ, చూసింది చెప్పిన."

"అనేదంత అని, ఏమంటలేనంటవు. పో, నీ పాలు పొంగిపోతున్నయి."

ఐలవ్వను పంపించింది కానీ, ఆమె వేసిన మాటను పంపించలేకపోయింది. మందుల షాపు ఎందుకు? ఎవరికి రోగం?

పోయిన ఆదివారం రేణుక సిరిసిల్లకు పోయి వచ్చానంది. తల్లి దుర్గవ్వకు మోకాళ్ల నొప్పులట. మొగిలవ్వ ఫోన్ తీసి వియ్యపురాలికి కలిపింది. అవతల మరమగ్గాల చప్పుడు. దాని మీదుగా దుర్గవ్వ గొంతు పెంచి మాట్లాడింది.

"మోకాళ్లు ఎట్లున్నయి వదినె?" అంది మొగిలవ్వ.

"నా మోకాళ్లకేమైంది? దుక్కలెక్కున్నయి. బిడ్డను పంపుత పంపుత అంటవు, ఎన్నడు పంపినవు చెప్పు? దాని మొకం చూసి నెలలాయె."

"పంపుత తియ్ వదినె. పని మస్తుగున్నది," అని మొగిలవ్వ ఫోన్ పెట్టేసింది.

అంటే ఆదివారం కూడా రేణుక ఆ సందులోనే ఉంది.

అసలు దెబ్బ బీడీల దగ్గర తగిలింది. రేణుకకూ కార్ఖానా ఇచ్చిన బీడీ కార్మికుల కార్డు ఉంది. దుకాణంలో చేరినా కార్డు పోకూడదని, కొంచెం ఆకు, తంబాకు సంచిలో తీసుకుపోయి, మధ్యాహ్నాలు దుకాణంలోనే చుట్టుకొస్తున్నానని చెప్పేది. వారానికి కొన్ని కట్టలు తెచ్చి మొగిలవ్వ కట్టలతో కలిపి కార్ఖానాకు పంపేది. శుక్రవారం మధ్యాహ్నం ఆ కట్టలు లెక్కకు సర్దుతుండగా మొగిలవ్వ చేయి ఆగిపోయింది.

కట్ట అంచున ఉన్న బీడీకి ఆకు ఎదురు తిరిగి ఉంది.

కుడిచేత్తో చుట్టేవాళ్ల ఆకు ఒక దిక్కుకు తిరుగుతుంది. ఊళ్లో ఆడవాళ్లందరిదీ అంతే. ఇది ఎదురు దిక్కుకు తిరిగింది. పక్కది తీసింది. అదీ అంతే. దారం విప్పి కట్ట మొత్తం చేటలో పోసింది. సగం బీడీలు ఎదురు తిరిగినవే. కొనలు గట్టిగా, లావు బొటనవేలితో నొక్కి మూసినట్టున్నాయి. ఇది రేణుక చెయ్యి కాదు. ఆడమనిషి చెయ్యి కూడా కాదు.

ఎవడో మగవాడు. ఎడమచేతి వాటం వాడు. తన ఇంటి అన్నం తిని, తన ఇంటి బీడీలు చుట్టి పంపుతున్నాడు.

ఇప్పుడేం చేయాలి? గల్ఫ్‌లో ఉన్న మగవాడికి ఇలాంటి కబురు పోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. రాయికల్‌లో తమ చుట్టాల ఇల్లు ఒక్క ఫోన్‌తో విరిగిపోయింది. నిజమో అబద్ధమో తేలేలోపే మొగుడు అక్కడ తాగుడుకు పడ్డాడు, పెళ్లాం పుట్టింటికి పోయింది, పిల్లలు హాస్టల్‌లో పడ్డారు. చెబితే పూజ బతుకు ఆగమవుతుంది. చెప్పకపోతే కన్న కొడుకును తానే మోసం చేసినట్టు. మేకులు కొట్టి, డబ్బాలు వరుస పెట్టి, ఇంత పద్ధతిగా ఇల్లు నడిపింది ఈ గుట్టు దాచడానికేనా?

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. శుక్రవారం నరేశ్‌కు సెలవు. ప్రతి వారం ఈ వేళకే చేస్తాడు. ఇదివరకు మొహం చూపించేవాడు. కొన్ని నెలలుగా గొంతే.

"అవ్వ, మంచిగున్నవా?"

"ఉన్న. మొకం చూపియ్యిరా."

"రూంల వైఫై మంచిగ లేదవ్వ. ఆగి ఆగి అస్తది."

మొగిలవ్వ చేటలోంచి ఒక బీడీ తీసింది. చెప్పేయాలి. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పడం కుదరదు.

"నరేశూ, నీ పెండ్లాం..."

"నా పెండ్లాం? ఏమైంది దానికి?"

ఆ గొంతులో ఉలికిపాటు ఉంది. దూరదేశంలో ఉన్నవాడి ఉలికిపాటులా లేదు. దొరికిపోయిన వాడి ఉలికిపాటులా ఉంది. మొగిలవ్వ నుదురు చిట్లించింది. వేళ్లు వాటంతట అవే బీడీ కొనను విప్పుతున్నాయి. ఒక మడత విప్పింది. దాని కింద ఇంకో మడత ఉంది.

ఆమె బీడీని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది.

కొనను రెండుసార్లు మడిచేవాళ్లు ఉండరు. అంత తీరిక ఎవరికీ ఉండదు. అట్లా మడిచినవాడిని తన జన్మలో ఒక్కడినే చూసింది. మొగుడు భూమయ్య తాటిచెట్టు మీద నుంచి పడి, ఇంట్లో ఆ మూలన మంచంలో ఏళ్ల తరబడి పడి ఉన్నప్పుడు, తనతో పాటు చేట ముందు కూర్చుని చుట్టిన పిల్లవాడు. ఎడమచేతివాడు. తంబాకు రాలుతుందని కొనను రెండుసార్లు మడిచేవాడు. ఎదురు తిరిగిన బీడీలను కార్ఖానాలో ఏరి పారేస్తారని, తాను వాటిని కట్ట నడుమ దాచి పంపేది.

"అవ్వా? ఏమన్నవు? ఏంజేసింది రేణుక?"

మొగిలవ్వ బీడీని చేటలో పెట్టింది.

"అన్నం తిన్నవా?"

"ఆ, గిప్పుడే తిన్న."

"ఏం కూర?"

"చిక్కుడుకాయ."

నిన్న సాయంత్రం చాప మీద కూర్చుని, ఆ చిక్కుడుకాయలు ఈనెలు తీసి తుంచింది తానే.

"మస్కట్ల దొరుకుతదారా చిక్కుడుకాయ?"

"దొరుకుతదవ్వ. గీడ కేరళోళ్ల దుకాణం ఉన్నది."

"ఈనెలు మంచిగ తీసిండ్రా?"

"తీసిండ్రు. మంచిగున్నది."

"మంచిది."

"రేణుక గురించి ఏదో అనబోతివి."

"ఏమంట? మంచిగ చూసుకుంటున్నది అనబోతిని. ఫోన్ పెట్టు. మందులు ఏసుకో."

"మందులా? ఏం మందులవ్వ?"

మొగిలవ్వ అప్పటికే ఫోన్ పెట్టేసింది.

ఒక అనుమానం తీరింది. దాని వెనకే ఇంకోటి వచ్చి కూర్చుంది. అది మొదటిదానికంటే బరువుగా ఉంది. పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న కొడుకు కన్నతల్లికి మొహం ఎందుకు చూపించడు? ఉద్యోగం పోతే ఇంటికి రావచ్చు. ఏజెంటు మోసం చేసినా రావచ్చు. వాడకట్టులో అట్లా తిరిగి వచ్చిన వాళ్లు ఎందరు లేరు? మందుల షాపు గుర్తొచ్చింది. మొహం చూపిస్తే దాంతో పాటు ఇంకేదో కనిపిస్తుంది. ఆమె చూపు మెల్లగా ఆ మూలకు పోయింది. భూమయ్య మంచం ఉండిన చోట ఇప్పుడు గోనెసంచులు పేర్చి ఉన్నాయి. చాలాసేపు అటే చూస్తూ కూర్చుంది. చేటలోని బీడీలు ఒక్కటీ ముట్టలేదు.

పొద్దుగూకి అన్నాలయ్యాక రేణుక చాప పరిచింది. ఎప్పటిలాగే తానే మొదలుపెట్టబోయింది.

"రేపు బెండకాయ..."

"ఆగు," అంది మొగిలవ్వ. "ఇయ్యాల నేను చెప్త."

పూజ నోరు తెరిచింది. నాయినమ్మ ఆ చాప మీద మాట్లాడటం అదే మొదటిసారి.

"పూజా, నువ్వు బడి నుంచి అచ్చినంక గా మూలకున్న గోనెసంచులు తీసి పెరట్ల పెట్టు. నేను నులకమంచం బిగిస్త. రేణుకా, నువ్వు రేపు దుకాణానికి పోకు. కారు మాట్లాడు. ఆటో వద్దు, తొవ్వ మంచిగ లేదు, ఒళ్లు కదులుతది."

రేణుక మొహంలో నెత్తురు లేదు. "కారెందుకత్తమ్మా? ఎవలికి?"

"నాలుగో డబ్బ తినేటోనికి."

రేణుక చాప అంచు పట్టుకుంది. ఏడవలేదు. చాలా కాలంగా మోస్తున్న బిందెను దించినట్టు భుజాలు మాత్రం కిందికి జారాయి.

"పైకెక్కెతందుకు కట్టిన కర్రల గోవ మీదికెళ్లి పడ్డడత్తమ్మా. బిల్డింగు పని కాడ. నడుము ఇరిగింది. కంపినోళ్లు విమానం ఎక్కించి చేతులు దులుపుకున్నరు. నేనే పోయి తీసుకచ్చి జగిత్యాలల రూం తీసుకొని ఉంచిన. డాక్టరు నడుస్తడంటున్నడు, కట్టెలు పట్టుకొని. ఇంకా టైం పడుతదట."

"పనిల పడ్డడని చెప్పుడు తప్పా? ఇంటికెందుకు తీసుకరాలే?"

"నీకు చెప్తె ఒట్టు అన్నడు. మామ మంచంల ఉన్నప్పుడు నువ్వు అన్నవట. ఇంకో మగోడు గీ మూలకు పడితె నేను చూడ, బాయిల దుంకుత అని. గది యాదికుంచుకున్నడు."

మొగిలవ్వ ఆ మాట అన్న రోజును వెతుక్కుంది. దొరకలేదు. అలాంటి రోజులు అన్నీ ఒకేలా ఉండేవి.

"అనే ఉంట," అంది చివరికి. "బీడీలు చుట్టుకుంట అన్న మాట అయ్యుంటది. చేట ముంగట కూసుంటె ఎన్నో అంటం. గవన్ని మూట కట్టుకొని పోయిండా మస్కట్‌కు?"

రేణుక నవ్వబోయింది. నవ్వు రాక ఏడుపు వచ్చింది. మొగిలవ్వ ఆమెను ఓదార్చలేదు. చేట ముందుకు లాక్కుని మధ్యాహ్నం విప్పిన బీడీలను మళ్లీ కట్ట కట్టడం మొదలుపెట్టింది. కుడిచేతివి చుట్టూ, ఎడమచేతివి నడుమ. అంచున ఒక్కటీ కనపడకుండా.

"ఎట్ల తెలిసిందత్తమ్మా?"

"నీకు దొంగతనం రాదు బిడ్డా. ఎడమవి తెచ్చి అంచుకు పెట్టినవు. కార్ఖానల సేటు మొదాలు అంచే చూస్తడు. నడుమ పెట్టాలె. ఇటు చూసి నేర్సుకో."

రేణుక కళ్లు తుడుచుకుని దగ్గరికి జరిగింది. పూజ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తండ్రి వస్తున్నాడని అప్పటికి అర్థమైంది. చాప మీద నియమాలు దానికి బాగా తెలుసు కాబట్టి, అడగవలసిందే అడిగింది.

"నాయినమ్మా, మరి నాయినకు ఏం పని?"

మొగిలవ్వ దారం కొరికి, కట్టను చేట మీద రెండుసార్లు తట్టి సమం చేసింది.

"డబ్బ కడుగుడు. గిన్ని దినాలు మీ అమ్మతోని కడిగిచ్చుకున్నడు. గీ ఇంట్ల ఎవలు తిన్నది వాళ్లే కడుగాలె."