ఆకుపచ్చ చుక్క

వినోద్‌కి పని విషయంలో పొగరుంది. దానికి తగ్గ పనితనమూ ఉంది, కాదనను. నెల్లూరులో వాళ్ల ఆఫీసు సముద్రం ఒడ్డు ఊళ్ల కోసం ఒక యాప్ చేస్తోంది. వేటకు పోయిన బోటు ఒడ్డుకు చేరిందో లేదో ఇంట్లో ఆడవాళ్లకు ఫోన్లో తెలియాలి. బోట్లలో పెట్టే పరికరాలు ఇంకా రాలేదు. వాటి కబురు అందుకోవాల్సిన సర్వర్ పని తోటి ఉద్యోగి హెబ్రోనుది, అదీ సగంలోనే ఉంది. ఫోను తెర మీద కనబడేదంతా వినోద్ పని. సర్వర్ కోసం కూర్చుంటే తన పని సాగదు కనక మాక్ ఏపీఐ ఒకటి పెట్టుకున్నాడు. ఉత్తుత్తి సర్వర్ అన్నమాట. యాప్ ఏమడిగినా అది ముందే రాసిపెట్టిన జవాబే ఇస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్లందరూ చేసేదే, అందులో తప్పేమీ లేదు.

తప్పు పేర్ల దగ్గర మొదలైంది. "బోటు ఒకటి, బోటు రెండు అని పెట్టన్నా, చాలు," అన్నాడు హెబ్రోను. వినోద్ నవ్వేశాడు. చూసేవాళ్ల మనసుకు పట్టాలంటే నిజం పేర్లుండాలన్నాడు. తన సొంత ఊరి బోట్లనే తీసుకుని, ప్రతి దాని పక్కనా యజమాని పేరు, 'ఒడ్డుకు చేరింది' అన్న మాట రాసి, ఒక ఆకుపచ్చ చుక్క పెట్టాడు. తెరంతా పచ్చగా ఉంటే కంటికి బాగుంటుందని.

ఆదివారం ఊరికి పోయినప్పుడు మేనత్త పిచ్చమ్మకు ఆ యాప్ చూపించాడు. ఆమెకు చదువు రాదు. భర్త ముత్యాలయ్య వేటకు పోయిన ప్రతిసారీ ఒడ్డున నిలబడి కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసే మనిషి.

"ఇదిగో అత్తా, ఇది మామ బోటు. పచ్చచుక్క ఉంటే ఒడ్డుకు చేరినట్టు. ఎర్రచుక్క ఉంటే చేరనట్టు."

"అబ్బయా! ఇంక ఎండలో నిలబడే పనే లేదన్నమాట!" అని మేనల్లుడి బుగ్గలు పుణికింది పిచ్చమ్మ. చుట్టుపక్కల ఇళ్లవాళ్లను కేకేసి పిలిచింది. మా వినోద్ చేసినాడు, మా వినోద్ చేసినాడు అని అందరికీ చూపించింది. వినోద్ దాన్ని ఆమె ఫోన్లో వేసిచ్చాడు. ఇదంతా ఉత్తుత్తిదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. అంతమంది మెచ్చుకుంటుంటే ఎవరికి చెప్పబుద్ధవుతుంది? మళ్లీ వచ్చినప్పుడు చెబుదాంలే అనుకున్నాడు.

అతను మళ్లీ రాకముందే గాలి తిరిగింది. తెల్లవారకముందు వేటకు పోయిన బోట్లన్నీ తిరిగొచ్చాయి. ముత్యాలయ్య, అతని జతగాడు మాల్యాద్రి పోయిన బోటు మాత్రం రాలేదు. ఇలాంటప్పుడు ఆ ఊళ్లో ఒక కట్టుబాటుంది. బోటు రాని ఇంటి ఆడమనిషి వచ్చి ఊరి పెద్ద అయిన పెద్దకాపు ముందు నోరు తెరిచి అడగాలి. అడిగిందా, చేపల వేలంపాట అక్కడికక్కడే ఆపేసి బోట్లన్నీ మళ్లీ సముద్రంలోకి పోవాల్సిందే. ఆమె అడగకపోతే ఎవరూ కదలరు.

పెద్దకాపు పాట మొదలుపెట్టకుండా, పాట దగ్గరికి వచ్చిన పిచ్చమ్మ వైపు చూశాడు. "ఏం పిచ్చమ్మా, పొమ్మంటావా?"

పిచ్చమ్మ బొడ్లోంచి ఫోను తీసింది. పచ్చచుక్క. "చేరినాడన్నా. నీళ్లు దక్షిణానికి లాగతా ఉండాయి గదా, కింద ఏదో ఊరి దగ్గర ఒడ్డు పట్టుంటాడు," అంది. అలా జరగడం కొత్తేమీ కాదు, అలాంటప్పుడు అతని ఫోను కలవకపోవడమూ కొత్త కాదు. మాల్యాద్రి పెళ్లాం కూడా ఆ చుక్క చూసి ఊపిరి పీల్చుకుంది. పాట మొదలైంది.

ఇల్లు చేరాక ఆమె వినోద్‌కి ఫోన్ చేసింది. "నీ పుణ్యాన ఈరోజు నేను ఏడవలేదు నాయనా. మీ మామ ఇంకా ఇంటికి రాలేదు, అయినా గుండె నిబ్బరంగా ఉండాది. బోట్లు పోతామంటే నేనే వద్దని చెప్పినా."

వినోద్‌కి జరిగింది అర్థమైంది. చెప్పాల్సింది ఒక్క ముక్క. అత్తా, అది అబద్ధం, పెద్దకాపు దగ్గరికి పరిగెత్తు అని. నోరు పెగల్లేదు. "సరే అత్తా," అని ఫోన్ పెట్టేశాడు.

అప్పుడు తోచిందండీ ఆ మహానుభావుడికి ఒక తెలివి. మాక్ ఫైలు తెరిచి ముత్యాలయ్య పేరు పక్కన 'ఒడ్డుకు చేరలేదు' అని మార్చాడు. అత్త ఫోన్లోనూ చుక్క ఎర్రబడింది. ఇంక అత్త చూస్తుంది, పెద్దకాపుకు చెబుతుంది, బోట్లు పోతాయి. తను ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు.

దిగులు తీరిన మనిషి ఫోను మాటిమాటికీ చూస్తుందా? పిచ్చమ్మ దాన్ని ఛార్జింగుకు పెట్టి, నాలుగు మెతుకులు తిని, ఎన్నాళ్లకో పగటిపూట కంటినిండా నిద్రపోయింది. ఇక్కడ వినోద్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని, ఇప్పుడు చూస్తుంది, ఇప్పుడు చూస్తుంది అనుకుంటూ ఉన్నాడు. ఆమె నంబరు దాకా వేలు పోయి వెనక్కి వచ్చింది. భోజనానికి పిలిచిన హెబ్రోనుతో తలనొప్పి అన్నాడు. సిగ్గు ఒకవైపు, మామ ప్రాణం ఒకవైపు ఉంటే ఆ పూటంతా సిగ్గే గెలిచింది.

పొద్దు వాలాక ఆమె లేచి చుక్క చూసింది. జుట్టు ముడేసుకోకుండానే ఒడ్డుకు పరిగెత్తింది. బోట్లు కదిలాయి. చీకటి పడేలోపే ఇద్దరినీ తెచ్చారు, ప్రాణాలతోనే. ఇంజను ఆగిపోయి, అల కొట్టి, బోటు తిరగబడిందట. సత్తువ అయిపోయిన మాల్యాద్రిని ముత్యాలయ్య ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో బోటును పట్టుకుని వేలాడాడట. మధ్యాహ్నం దాకా ఓర్చుకున్నాడు. ఆ తర్వాతే భుజం కీలు తప్పింది. ఇక ఆ చెయ్యి వల లాగడానికి పనికిరాదని నెల్లూరులో డాక్టరు చెప్పేశాడు.

వినోద్ ఆస్పత్రికి పోయేసరికి వరండా నిండా ఊరి ఆడవాళ్లే. "నీ ఎర్రచుక్క కాపాడినాదయ్యా," అని చేతులు పట్టుకున్నారు. "మాకూ వెయ్యి. రేపటి నుంచి ఒడ్డుకు పోయేదే లేదు," అంటూ ఫోన్లు చాపారు. ఆ చాపిన ఫోన్లు చూసి అతనికి భయం పుట్టింది. అత్తను పక్కకు తీసుకుపోయాడు.

"అత్తా, అది ఉత్తుత్తిది. బోటు యాడుండాదో దానికి తెలీదు. అందరికీ పచ్చచుక్క నేనే పెట్టినా."

"పని నేర్చుకుంటా ఉండావు. చెప్పడం మర్చిపోయినావు. పోనీలే," అంది పిచ్చమ్మ. అంతలో ఆమెకు ఏదో తట్టింది. "మరి ఎర్రచుక్క?"

"అదీ నేనే."

"ఎప్పుడు పెట్టినావు?"

"నువ్వు ఫోన్ చేసినావే, ఆ వెంటనే."

"అంటే నేను మాట్లాడేటప్పుడే నీకు తెలుసు."

వినోద్ తలొంచుకున్నాడు.

"నేను లైన్లో ఉండంగా, నాకు చెప్పకుండా ఆ చుక్కకు చెప్పినావా?"

ఆమె గొంతు పెంచలేదు. లోపల ముత్యాలయ్య నీళ్లడిగితే లేచి పోయింది. గ్లాసు అతని చేతికి ఇవ్వబోయి, గుర్తొచ్చి, నోటికి అందించింది.

వరండాలో ఆడవాళ్లు ఇంకా ఫోన్లు పట్టుకుని నిలబడే ఉన్నారు. వినోద్ వాళ్ల దగ్గరికి పోయాడు. "రేపు కూడా ఒడ్డుకే పోండమ్మా. ఇది నమ్మొద్దు. ఇందులో ఉండేదంతా నేను కూర్చుని రాసిందే," అన్నాడు. గొంతు ఇప్పుడు బాగానే పెగిలింది.